సుంకరి నిధి: 4,857 బంగారు నాణేల హోర్డ్‌ను పది వస్తువులుగా విడదీసిన కేస్ స్టడీ

పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా కథను ఆడే ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్. దాని ఐదో ఎడిషన్, 2014 నాటి డీఎమ్ గైడ్ (డీఎమ్ అంటే డంజియన్ మాస్టర్, ఆట నడిపే మనిషి). ఛాలెంజ్ రేటింగ్ (శత్రువు ఎంత కష్టమో చెప్పే అంకె) 5 నుంచి 10 వరకు ఉన్న హోర్డ్‌కు, అంటే నిధి గుట్టకు, అందులో ఇచ్చిన లెక్క ఇది (2డీ6 అంటే ఆరు ముఖాల పాచికలు రెండు వేసి కూడడం): రాగి నాణేలు 2డీ6×100, వెండి 2డీ6×1,000, బంగారం 6డీ6×100, ప్లాటినం 3డీ6×10. సగటు తీస్తే 700 రాగి, 7,000 వెండి, 2,100 బంగారం, 105 ప్లాటినం. అన్నిటినీ బంగారంలోకి మార్చి కూడితే 3,857. ఆ తర్వాత వేసే డీ100లో, తలా 100 విలువ చేసే రత్నాలు 3డీ6 వచ్చే వరుస పడిందనుకుందాం. ఆ డైస్ మీద 10 పడితే మరో 1,000. మొత్తం 4,857.

టేబుల్ దగ్గర ఈ అంకె ఏమవుతుందో ఆట నడిపేవాళ్ళందరికీ తెలుసు. డీఎమ్ చదువుతాడు, ఒకరు ఫోన్ తీసి నాలుగుతో భాగిస్తారు, తలా 1,214 అని షీటులో రాసుకుంటారు, తర్వాతి గదిలోకి వెళ్తారు. వారం తిరిగేసరికి ఆ డబ్బు ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. పైగా ఒక మామూలు క్యాంపెయిన్‌లో, అంటే చాలా సెషన్లు సాగే కథలో, ఈ స్థాయి హోర్డ్‌లు 18 వస్తాయని అదే గైడ్ అంచనా. నాణేలు మాత్రమే లెక్కేసినా 69,426 బంగారం. అదే ఏడాది వచ్చిన ఆటగాళ్ళ నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో అన్నిటికన్నా ఖరీదైన కవచం ప్లేట్, 1,500. అది కొన్నాక ఈ బంగారానికి పెద్దగా పని ఉండదు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. 1974లో వచ్చిన తొలి ఆటలో ఒక బంగారు నాణెం తెస్తే ఒక ఎక్స్‌పీరియెన్స్ పాయింట్, అంటే పాత్ర లెవెల్ పెంచే పాయింట్. నిధిని బయటికి మోసుకురావడమే లెవెల్ పెరగడం. ఐదో ఎడిషన్‌కు వచ్చేసరికి ఆ ముడి లేదు, నాణేల పట్టిక మాత్రం ఉంది. కాబట్టి ఆటలో నిధికి మళ్ళీ ఒక పని పుట్టించాలి. ఈ కేసులో చేసింది అదే. మొత్తం విలువను ఒక్క నాణెం కూడా పెంచలేదు, తగ్గించలేదు. రూపం మాత్రమే మార్చాం.

నిధి ఎవరిది

వస్తువులు ఎంచుకోకముందు మూడు ప్రశ్నలకు ఒక్కో వాక్యంలో జవాబు రాసుకోవాలి. ఇది ఎవరిది? ఇక్కడ ఎందుకు మిగిలింది? ఇప్పుడు ఎవరికి కావాలి? ఈ మూడూ తేలకుండా వస్తువుల జాబితా మొదలుపెడితే వెండి కప్పు, బంగారు విగ్రహం, పచ్చల హారం దాటి బుర్ర కదలదు.

ఈ కేసుకు ఆధారం ఆంధ్ర తీరంలోని పాత రేవు మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం నిధులు తయారుచేసేవాళ్ళకు చాలా అక్కరకొచ్చే పాఠం. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ అందులో హామీ ఉంది. సుంకం ముప్పయికి ఒక వంతు. ఆ తర్వాత ఏ సరుకు మీద ఎంత అన్న పట్టీలో గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, వక్కలు కనిపిస్తాయి. నిధి పట్టికకు ఇంతకన్నా మంచి ముడిసరుకు దొరకడం కష్టం.

దాన్నుంచి ఆట కోసం కల్పించుకున్నది ఇది: సముద్రం వెనక్కి పోయి పూడిపోయిన ఒక రేవు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలను దోచి, లెక్క రాసి, కొట్లో దాచిన సుంకరి, అంటే సుంకం వసూలుచేసేవాడు, ఒకడు. చచ్చాక కూడా ఆ కొట్టు వదలకుండా వైట్ అనే శవపిశాచిగా కాపలా ఉన్నాడు. అతని కొట్టుకూ గట్టి నేలకూ మధ్య రెండు మైళ్ళ బురద. ఆ బురద ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

పది వస్తువులు

- నాణేలు: 900 బంగారం, 2,000 వెండి. విలువ 1,100, బరువు 58 పౌండ్లు.
- ముత్యాలు నాలుగు, తలా 100. విలువ 400.
- ఒక వజ్రం, విలువ 300.
- మైనంతో మూత బిగించిన రాగి చెంబులో కుంకుమపువ్వు, 20 పౌండ్లు. విలువ 300.
- మిరియాల బస్తాలు పది, ఒక్కోటి 30 పౌండ్లు. విలువ 600.
- పట్టు, 40 చదరపు గజాలు. విలువ 400, బరువు 20 పౌండ్లు.
- రాగి దిమ్మెలు, 600 పౌండ్లు. విలువ 300.
- సుంకరి లెక్కలున్న రాగిరేకులు. విలువ 500, బరువు 15 పౌండ్లు.
- దంతపు పాచికలు, పొదిగిన పలక. విలువ 250, బరువు 5 పౌండ్లు.
- 707 బంగారానికి ఒక హుండీ (వర్తకుల చెల్లింపు చీటీ).

సరుకుల ధరలు సొంతంగా కట్టినవి కావు. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోని వర్తక సరుకుల పట్టికలో పౌండు మిరియాలు 2 బంగారం, కుంకుమపువ్వు 15, రాగి 5 వెండి, చదరపు గజం పట్టు 10 అని ఉంటుంది. పట్టు బరువు మాత్రం అక్కడ లేదు. జరీ పట్టు అనుకుని గజానికి అర పౌండు వేశాం. రేకులు, పలక, హుండీ విలువలు మొత్తం 4,857కు సరిపోయేలా పెట్టినవి. హుండీ మీద 707 అన్న అంకె అలా మిగిలిందే, కానీ దాన్ని గుండ్రంగా మార్చకపోవడం కావాలనే. 700 అని రాస్తే అది డీఎమ్ ఇచ్చిన బహుమతిలా ఉంటుంది. 707 అని ఉంటే ఎవరో సరుకు అమ్మి, తరుగు తీసి, లెక్క కట్టి రాయించుకున్న కాగితంలా ఉంటుంది.

డైస్ ఇచ్చిన పది రత్నాల స్థానంలో నాలుగు ముత్యాలు, ఒక వజ్రం వచ్చాయి. మాయవస్తువు గుణం తెలిపే మంత్రం, ఐడెంటిఫై స్పెల్‌కు కనీసం 100 విలువైన ముత్యం కావాలి. ముత్యం అందులో ఖర్చవదు. చనిపోయినవాళ్ళను వెంటనే బతికించే రివివిఫైకి 300 విలువైన వజ్రం కావాలి, అది ఖర్చైపోతుంది. అంటే చేతిలో ఉన్న 300ల వజ్రం, ఊరికి దూరంగా ఒక సహచరుడు నేలకూలిన నిమిషంలో, 300 బంగారం కన్నా చాలా ఎక్కువ. దాన్ని అమ్మాలా, దాచాలా అన్న వాదన టేబుల్ దగ్గర దానంతట అదే పుడుతుంది. రత్నాలు ఇచ్చేటప్పుడు స్పెల్స్ జాబితా పక్కన పెట్టుకుని ఎంచుకోవడం అన్నిటికన్నా తక్కువ శ్రమతో దొరికే మెరుగుదల. వజ్రం ఎక్కడిదని ఆటగాళ్ళు అడిగితే తెలుగు డీఎమ్‌కు జవాబు వెతుక్కునే పని లేదు, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు ఉండనే ఉన్నాయి.

జాబితాలో లేనిది ఒకటుంది: సుంకరి మొహరు, అంటే ముద్ర వేసే మాయ అచ్చు. దానికి ధర పెట్టలేదు. రోజుకు ఒకసారి దానితో లక్క ముద్ర వేసిన పెట్టెనో ఉత్తరాన్నో 24 గంటల్లోపు మరొకరు తెరిస్తే, మైలు దూరంలోపు ఉన్న మొహరు యజమానికి ఆ క్షణమే తెలుస్తుంది. ఎవరైనా చొరబడితే హెచ్చరించే అలారం స్పెల్‌కు దగ్గరి బంధువు. అట్యూన్‌మెంట్ (వస్తువుతో పాత్ర ముందుగా ముడిపడడం) అక్కర్లేదు. ప్లస్ వన్ కత్తి ఇస్తే డ్యామేజ్ అంకె ఒకటి పెరుగుతుంది. ఈ మొహరు ఇస్తే ఆటగాళ్ళు దాన్ని దేనికి వాడాలో వాళ్ళే కనిపెట్టాలి. సత్రం గది తలుపుకు వేస్తారు, శత్రువుకు పంపే ఉత్తరానికి వేస్తారు. మ్యాజిక్ ఐటమ్‌ను పాత యజమాని వృత్తిలోంచి పుట్టించడం ఎప్పుడూ మంచిదే.

బరువు లెక్క

మూల హోర్డ్‌లో 9,905 నాణేలున్నాయి. యాభై నాణేలకు ఒక పౌండు చొప్పున 198 పౌండ్లు, దాదాపు 90 కిలోలు. అందులో వెండి ఒక్కటే 140 పౌండ్లు. అంటే బరువులో 71 శాతం, విలువలో 18 శాతం. మామూలుగా ఇది ఎవరూ గమనించరు, ఎందుకంటే బరువు లెక్క అడిగితే విసుగే తప్ప ప్రయోజనం ఉండదు. అన్నీ నాణేలే అయినప్పుడు ఎంచుకోవడానికి ఏముంటుంది? రకరకాల వస్తువులున్నప్పుడే బరువుకు అర్థం వస్తుంది.

కొత్త నిధి మొత్తం 1,018 పౌండ్లు. నలుగురు పాత్రల స్ట్రెంగ్త్ (బలం అంకె) 16, 12, 10, 8 అనుకుంటే, ఒక్కో పాయింటుకు 15 పౌండ్ల చొప్పున 690. ఎవరి సామాను వాళ్ళకు తలా 50 పౌండ్లు తీసేస్తే మిగిలేది 490. అంటే నిధిలో సగం కూడా మోయలేరు. ఇప్పుడు పౌండుకు ఎంత విలువ అని చూస్తే బంగారు నాణేలు 50, పట్టు 20, కుంకుమపువ్వు 15, వెండి నాణేలు 5, మిరియాలు 2, రాగి అర. వెండి నాణేల కన్నా కుంకుమపువ్వు మూడు రెట్లు మేలని ఆటగాళ్ళకు తట్టిన క్షణం చూడముచ్చటగా ఉంటుంది. నాణెమే నిధి అన్న అలవాటు అక్కడ విరుగుతుంది.

ఒక గాడిదో కంచర గాడిదో 8 బంగారం, 420 పౌండ్లు మోస్తుంది. బండి 15. బండికి కడితే అదే జంతువు తన మోతకు ఐదు రెట్లు, అంటే బండి బరువు 200తో కలిపి 2,100 పౌండ్లు లాగుతుంది. 23 బంగారంతో సమస్య మొత్తం మాయం! చాలామంది డీఎమ్‌లు బరువైన నిధి పెట్టి దెబ్బతినేది ఇక్కడే. అందుకే ఆ రెండు మైళ్ళ బురద. బండి దిగబడుతుంది, జంతువు వీపున వేసుకుని నడుస్తుంది. ఒక జంతువుతో 490కి 420 కలిసి 910. ఇంకా 108 పౌండ్లు మిగులుతాయి. రెండోసారి రావాలంటే ఆటుపోటు, మరో రోజు, కొట్టు తెరుచుకుందని తెలిసిన ఇంకొకరు. అదే కొట్టు రాజమార్గం పక్కన పెడితే ఈ బరువులన్నీ రాయడం దండగ.

ఈ లెక్కలో ఒక లోపం కనిపిస్తుంది. జంతువు లేకుండా వెళ్ళిన గుంపు రాగి వదిలేస్తే మిగిలినదంతా 418 పౌండ్లే, హాయిగా మోసేస్తారు. అంటే రాగి ఎప్పుడూ ఆలోచన లేకుండానే వెనక పడిపోతుంది. ఆలోచన లేని చోట ఎంపిక లేదు. దీనికి మందు ధర పెంచడం కాదు, రాగికి ఒక మనిషిని జతచేయడం. దగ్గరి పల్లెలో గుడిగంట పగిలి రెండేళ్ళైంది, కంచరివాడి దగ్గర రాగి లేదు అన్న మాట పార్టీ (పాత్రల జట్టు) బురదలోకి దిగకముందే చెవిన పడాలి. వాళ్ళు డబ్బు ఇవ్వలేరు. కానీ ఊరంతా దాక్కోవడానికి చోటిస్తుంది, పాత దారి చూపిస్తుంది. అప్పుడు మిరియాల్లో మూడు బస్తాలు వదిలి 90 పౌండ్ల రాగి తీసుకుందామని ఎవరో ఒకరు అంటారు. బంగారానికి ఇంకా ఎక్స్‌పీరియెన్స్ ఇచ్చే పాత పద్ధతి ఆటల్లో ఈ మందు అక్కర్లేదు. అక్కడ రాగి అంటే 300 పాయింట్లు, ఎలాగైనా ఈడ్చుకొస్తారు.

అమ్మకం

రత్నాలు, కళావస్తువులు, వర్తక సరుకులు పూర్తి ధరకే అమ్ముడవుతాయని ఐదో ఎడిషన్ నియమం. ఆయుధాలు, కవచాలు, ఇతర సామగ్రికి సగం ధర. ఆ నియమం మార్చలేదు, ఒక పరిమితి చేర్చాం: పల్లెలో ఒక రకం సరుకు రోజుకు 50 బంగారం విలువే కొంటారు, చిన్న పట్నంలో 200, రేవు నగరంలో 1,000. 600 విలువైన మిరియాలు చిన్న పట్నంలో మూడు రోజుల పని, రేవులో ఒక పూట పని.

బేరం మాత్రం కట్టడిలో ఉండాలి. పది వస్తువులకు పది బేరాలు ఆడిస్తే సెషన్ గల్లంతే. మొత్తం సరుకుకు కలిపి ఒకే పర్సుయేషన్ (ఒప్పించే నేర్పు) రోల్, డీసీ 15, అంటే దాటాల్సిన అంకె 15. గెలిస్తే పూర్తి ధర, ఓడితే 90 శాతం, 20 దాటితే 110 శాతం. సంభాషణ నటించడం రెండే రెండింటికి, రాగిరేకులకూ హుండీకీ. మిగిలినవి కాగితం మీద ఐదు నిమిషాల్లో తేలిపోవాలి.

రాగిరేకుల్లో ఏ ఓడ, ఎవరి సరుకు, ఎంత లాక్కున్నారు అన్న వివరం పేర్లతో సహా ఉంది. వాటిని కోరేవాళ్ళు ముగ్గురు. నష్టపోయిన వర్తకుల వారసుల సంఘం 500 రొక్కం ఇస్తుంది. తన తాతల పేరు అందులో ఉన్న రేవు నాయకుడు రొక్కం ఇవ్వడు, రేకులు కరిగించేస్తే ఏడాది పాటు సుంకం లేకుండా వదిలేస్తానంటాడు. గుడి భాండాగారం 200 ఇచ్చి భద్రపరుస్తుంది, ఎవరడిగినా చూపిస్తుంది. ఆటగాళ్ళు కచ్చితంగా నకలు తీసి ఇద్దరికి అమ్ముదామంటారు. వద్దనకూడదు. నకలు మీద రాజముద్ర ఉండదు కనుక సగం ధర అనాలి, రెండో కొనుగోలుదారుకు మొదటివాడి సంగతి తెలిసే అవకాశం డీ6 మీద 1 లేదా 2 అనాలి. అక్కణ్ణుంచి కథను వాళ్ళే నడిపిస్తారు.

హుండీ అంటే ఇప్పుడు గుళ్ళో కానుకల పెట్టె గుర్తొస్తుంది. ఇది వర్తకుల హుండీ: ఫలానా ఊరి షావుకారు ఈ చీటీ తెచ్చినవారికి ఇంత చెల్లించాలి అని రాసినది. చూపగానే చెల్లించాల్సినది దర్శని హుండీ, గడువు తర్వాత చెల్లించేది ముద్దతి. ఈ నిధిలోది దర్శని. బరువు లేదు, దొంగకు అర్థం కాదు, కానీ ఒక ప్రత్యేకమైన ఊరికి వెళ్ళాలి. తర్వాతి అడ్వెంచర్‌కు పిలుపు కావాలంటే ముసలి మాంత్రికుడు సత్రంలో ఎదురుపడక్కర్లేదు, ఈ కాగితం చాలు.

ఎక్కడ చెడుతుంది

అన్నిటికన్నా పెద్ద పొరపాటు హుండీతోనే జరుగుతుంది. నాటకీయంగా ఉంటుందని డీఎమ్ షావుకారు చేత "ఇది చెల్లదు, మా కొట్టు ఎప్పుడో మూతపడింది" అనిపిస్తాడు. ఆ ఒక్క మాటతో హోర్డ్‌లో 14.6 శాతం పోయింది. అది కూడా చిన్న విషయమే. ఆటగాళ్ళు నేర్చుకునే పాఠం పెద్దది: కాగితం, సరుకు, మాట, ఇవేవీ నమ్మదగినవి కావు, నాణెమే నిధి. తర్వాత పది హోర్డ్‌లలో ఎంత వైవిధ్యం పెట్టినా వాళ్ళు వెతికేది నాణేల పెట్టె కోసమే. కొత్త రకం నిధి మొదటిసారి ఇచ్చినప్పుడు తప్పకుండా ఫలించాలి. షావుకారు దగ్గర రొక్కం లేకపోతే సగం చెల్లించి, మిగతా సగానికి తన ఓడలో వాటా రాసివ్వాలి. మోసం పెట్టాలనుంటే మూడో హుండీలో పెట్టండి.

రెండోది, రాగిరేకుల్ని నిధిగా గుర్తించకపోవడం. ఆటగాళ్ళు వాటిని కథ చెప్పే సామగ్రి అనుకుని అక్కడే వదిలేస్తారు. వాళ్ళ తప్పు కాదు, కథ చెప్పే కాగితాలకు ధర ఉండదని ఏళ్ళ తరబడి నేర్పింది డీఎమ్‌లే. బురదలోకి దిగేముందు ఎవరో ఒకరు రేకుల గురించి ధర పెట్టి అడగాలి. కొట్టులో వాటి చోటు కూడా చెప్పాలి: ముత్యాలున్న పెట్టెలోనే, ముత్యాల కన్నా జాగ్రత్తగా గుడ్డలో చుట్టి. యజమాని దేన్ని ఎలా దాచాడన్నదే విలువకు సూచన.

పాడైపోవడం ఒక్క సరుకుకే ఉండాలి. ఇక్కడ అది మిరియాలు. బురద దాటేటప్పుడు ఒక సర్వైవల్ రోల్, డీసీ 13. తప్పితే 1డీ4 బస్తాలు తడిసి సగం ధరకు పడిపోతాయి. పట్టు చిరిగి, కుంకుమపువ్వు బూజు పట్టి, దంతం పగిలి, అన్నిటికీ రోల్స్ పెడితే ఆట గోదాము గుమాస్తా పని అయిపోతుంది. శాపాల సంగతీ అంతే. ఈ నిధిలో శాపం ఒక్కటీ లేదు. పలక మీద శాపం పెడితే ఆటగాళ్ళు ఆ రోజు నుంచి ప్రతి వస్తువునూ పదడుగుల కర్రతో పొడిచి చూస్తారు, వస్తువు మీద కుతూహలం చచ్చిపోతుంది.

విలువ తెలియని వస్తువుల దగ్గర "తెలియదు" అని ఊరుకుంటే ఆటగాళ్ళకు చిరాకు. పలక చూసిన వెంటనే 100 నుంచి 400 మధ్య అనాలి. తెలిసినవాడికి చూపిస్తే 250 అని తేలుతుంది. ఆ మధ్య దూరమే వాళ్ళను తెలిసినవాడి దగ్గరికి నడిపిస్తుంది.

రాత పని తగ్గించడానికి ఒక్కో వస్తువుకు ఒక చిన్న అట్టముక్క: పేరు, చూడటానికి ఎలా ఉంటుంది, బరువు, తెలిసినంతవరకు విలువ. ఎవరికి కావాలో వెనకవైపు పెన్సిల్‌తో డీఎమ్ రాసుకుని, పైన చీటీ అంటించి మూసేయాలి. బరువు ఎవరు మోస్తే అట్ట వాళ్ళ ముందు ఉంటుంది. కూడికలు అక్కర్లేకుండా ఎవరి దగ్గర ఏముందో కళ్ళకు కనిపిస్తుంది, పార్టీలో ఒకరు నీళ్ళలో పడితే ఏం పోయిందన్న తగువు రాదు. పది అట్టలు హోర్డ్‌కు గరిష్ఠం. పన్నెండు దాటితే చదివేవాళ్ళు ఉండరు.

ప్రతి హోర్డ్‌కూ ఇంత చేయడం కుదరదు, చేయకూడదు కూడా. 18లో నాలుగైదు చాలు. మిగతావాటికి పట్టికలో పడ్డ నాణేల్లోంచి వెండిని మాత్రం తీసేసి, ఆ 700కు సరిపడా ఒకే ఒక సరుకు పెట్టాలి. దొంగల గుహలో మేకలైతే ఒక్కోటి ఒక బంగారం, ఆవులైతే పది. డెబ్భై ఆవుల్ని తోలుకుని కొండ దిగడం ఒక పూర్తి సెషన్. డ్రాగన్ గుహకు మాత్రం నాణేల గుట్ట ఉండనివ్వండి. అక్కడ ఆటగాళ్ళు చూడాలనుకునేది అదే.

చివరగా రేవు ద్వారం దగ్గర సుంకం. శాసనంలోని ముప్పయికి ఒక వంతు ఆటలో అలాగే వాడుకోవచ్చు. నాణేలకు, హుండీకి, రేకులకు సుంకం లేదు. ముత్యాలు, వజ్రం, మిరియాలు, కుంకుమపువ్వు, పట్టు, రాగి, పలక అన్నీ నగరానికి చేరితే 2,550 మీద 85 బంగారం. దాన్ని ఎగ్గొట్టాలని చూసే పార్టీకి సుంకం వసూలుచేసే మనిషి ముందు ఒక చిక్కు ఉంటుంది. వాళ్ళ సంచిలో ఉన్న మొహరును అతను చూడగానే గుర్తుపడతాడు.